భూదేవి చేతి ముద్ద

జివతి కొండల మీద బొర్రగూడలో భూదేవిని ఎరగని పిల్ల లేదు, ఆమె చేతి ముద్ద తినని పిల్ల అసలే లేదు. ఎంత మొండిఘటమైనా సరే, ఒళ్ళోకి లాక్కుని ఒక కథ ఎత్తుకునేది. కథలో పులి నోరు తెరిచే చోట పిల్లలూ నోళ్ళు తెరిచేవాళ్ళు. అదే అదనుగా ముద్ద లోపలికి పోయేది. అప్పటికీ తెరవని వాళ్ళకు ఇంకో విద్య ఉంది. ఎడమచేతి రెండు వేళ్ళతో ముక్కు మూసేది. ఊపిరి కోసమైనా నోరు తెరవాలి కదా! ఇరవై ఏళ్ళుగా ఆమె అంగన్‌వాడీలో మదత్‌నీస, అంటే వండి పెట్టే ఆయా. ఊళ్ళో తల్లులు పిల్లల్ని అక్కడికి పంపేది చదువు కోసం కాదు, భూదేవి చేయి కోసం. ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు. మనిషికి ఏదో ఒక గర్వం ఉండాలి, భూదేవికి ఇది ఉంది.

బొర్రగూడ గురించి కొంచెం చెప్పాలి. మాదంటే మాదని రెండు రాష్ట్రాలు కోర్టుకెక్కిన కొండ ఊళ్ళలో అదొకటి. ఇద్దరి తగువులో మూడోవాడు నలిగిపోతాడని అంటారు గానీ, బొర్రగూడ వాళ్ళు నలగలేదు, రెండు చేతులా తిన్నారు. రెండు బళ్ళు, రెండు రేషన్ కార్డులు, రెండు అంగన్‌వాడీలు. గల్లీకి ఈ పక్క మహారాష్ట్ర అంగన్‌వాడీ. దానికి సేవిక లక్ష్మీబాయి, ఆయా భూదేవి. ఆ పక్క తెలుగు అంగన్‌వాడీ. దానికి టీచర్ జయ. ఊళ్ళో ప్రతి పిల్ల పేరూ రెండు రిజిస్టర్లలోనూ ఉండేది. నెల మొదట్లో లక్ష్మీబాయి కొక్కేనికి గుడ్డ ఉయ్యాల కట్టి పిల్లల్ని తూచేది, నెల మధ్యలో జయ అవే పిల్లల్ని మళ్ళీ తూచేది. బలానికని ఇద్దరూ తీపి పిండి పొట్లాలు ఇచ్చేవాళ్ళు. ఎవరికీ అభ్యంతరం లేదు. పెట్టే చేతులు రెండుంటే వద్దనే వాళ్ళెవరు?

అలాంటి ఊళ్ళో, అలాంటి భూదేవి ఇంట్లో, ఎదగని పిల్ల పుట్టింది.

పుట్టినప్పుడు బాగానే ఉంది. రెండువేల పదకొండు వానాకాలంలో కొడుకు ఎల్లన్నకు కూతురు పుడితే పద్మ అని పేరు పెట్టుకున్నారు. కోడలు సారక్క పరాయిది కాదు, భూదేవి సొంత అన్న పోశం కూతురు. విరూర్ నుంచి మేనకోడలిని తానే పట్టుబట్టి తెచ్చుకుంది. తల్లిపాలు తాగినన్నాళ్ళు పద్మ బొద్దుగా, బుగ్గలు జారేట్టు ఉండేది. ఏడో నెలలో మెత్తటి తిండి మొదలుపెట్టారు. అక్కడి నుంచి పిల్ల చిక్కడం మొదలైంది. తిన్నది వాంతి చేసుకునేది. తిన్న కాసేపటికి చెమటలు పట్టి, మగతగా పడుకునేది. కాళ్ళూ చేతులూ పుల్లలై, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. రెండేళ్ళు నిండినా ఏడాది పిల్ల ఎత్తు దాటలేదు.

రెండు రిజిస్టర్లలోనూ పద్మ ఎర్ర గీత కిందికి వెళ్ళిపోయింది. ఎర్ర గీత కింద ఉన్న పిల్లలకు పొట్లాలు ఎక్కువ ఇవ్వాలి కదా, అటు జయా ఇచ్చింది, ఇటు లక్ష్మీబాయీ ఇచ్చింది. పిల్ల ఎంత చిక్కితే ఇంటికి అంత తీపి పిండి వచ్చింది. అది చాలదన్నట్టు, బెల్లం రక్తం పట్టిస్తుందని భూదేవి దాంట్లో బెల్లం కూడా కలిపేది. పద్మ మొహం తిప్పేసేది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకునేది. కథలకు లొంగే రకం కాదు, అందుకని భూదేవి మొదటి నుంచీ రెండో విద్యే వాడింది. ఒక చేత్తో ముక్కు మూసి, ఇంకో చేత్తో ముద్ద పెట్టేది. ఊరి పిల్లలందర్నీ నిలబెట్టిన చేయి సొంత మనవరాలి దగ్గర ఓడిపోతుందా అని ఆమె పంతం. నిజం చెప్పాలంటే పంతం కన్నా భయం ఎక్కువ. చేతి కింద మనవరాలు కరిగిపోతుంటే ఏ ముసలమ్మకు నిద్ర పడుతుంది?

చూసే వాళ్ళు మాత్రం, "తాత పోలిక తియ్, గాయన గూడ పొట్టోడే గద" అని సరిపెట్టేవాళ్ళు. పోశం నిజంగానే పొట్టి. పొట్టి మాత్రమే కాదు, అరవై ఏళ్ళ బతుకులో ఊహ తెలిశాక తీపి నోట పెట్టని మనిషి. విరూర్‌లో ఆయన్ని 'ఉప్పు పోశం' అంటారు. సొంత పెళ్ళిలో కూడా పాయసం తినలేదు. చిన్నప్పుడు తల్లి బతిమాలి, తిట్టి, చివరికి విసిగి వదిలేసిందట. ఈ మనిషి కూతురిని చూడడానికి వచ్చినప్పుడు, వాకిట్లో మనవరాలి ముక్కు మూసి కూర్చున్న చెల్లెల్ని చూశాడు.

"చెల్లె, పిల్ల వద్దన్నప్పుడు ఇడిసిపెట్టరాదు. నాకు గూడ చిన్నప్పుడు తీపి తింటె గిట్లనే కడుపుల తిప్పేది, చెమటలు పట్టేది. పిల్లకు పడ్తలేదేమో" అన్నాడు.

"నువ్వు తినకనే గింత పొట్టిగున్నవ్ అన్నా. పిల్లను గూడ నీ లెక్క జెయ్యాల్నా?" అంది భూదేవి, చెయ్యి ఆపకుండానే.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు. అదే మాట చంద్రపూర్‌లో డాక్టర్ ఎవరైనా చెప్పి ఉంటే భూదేవి అప్పుడే దణ్ణం పెట్టి వినేది. చెప్పింది అన్న కాబట్టి నవ్వేసి ఊరుకుంది. సారక్క తండ్రికీ అత్తకూ మధ్య నిలబడి ఏమీ అనలేకపోయింది.

రెండువేల పద్నాలుగు ఫిబ్రవరిలో మేడారం జాతర వచ్చింది. మనవరాలు ఎదిగితే నిలువెత్తు బంగారం ఇస్తానని భూదేవి అంతకుముందే మొక్కుకుంది. తల్లుల దగ్గర బంగారమంటే బెల్లమే కదా. ఎదిగాక ఇవ్వాల్సిన మొక్కు, ఎదగకముందే తీర్చేస్తే తల్లులే దారి చూపిస్తారని తనకు తాను చెప్పుకుంది. జనంలో తోసుకుంటూ వెళ్ళి పద్మను తక్కెడలో కూర్చోబెట్టారు. ఎనిమిదిన్నర కిలోల బెల్లానికి తక్కెడ సమానమైంది. రెండేళ్ళ ఎనిమిది నెలల పిల్ల! పక్కనున్న వాళ్ళ పిల్లలకు పన్నెండు, పదమూడు కిలోలు పడుతుంటే చూసి భూదేవి కొంగు నోట్లో కుక్కుకుంది. తల్లులకు అర్పించిన బెల్లంలో ప్రసాదంగా వచ్చిన ముక్కను ఇంటికి తెచ్చి, పొద్దున ఒక పలుకు, సాయంత్రం ఒక పలుకు పిల్ల నోట్లో పెట్టడం మొదలుపెట్టింది. ఈసారి ముక్కు మూసేటప్పుడు తల్లుల పేరు కూడా తలుచుకునేది.

మూడో వారానికి పద్మ కళ్ళు పచ్చబడ్డాయి. ఒక పొద్దున బెల్లం తిన్న అరగంటకు ఒళ్ళంతా చెమటలు పట్టి, పిలిస్తే పలకకుండా వాలిపోయింది. జివతిలో చూసిన వాళ్ళు, ఆలస్యం చేయకుండా చంద్రపూర్ తీసుకుపొమ్మన్నారు. ఎల్లన్న జీపు మాట్లాడాడు. దారిలో రాజురా దగ్గర పోశం కూడా ఎక్కాడు. జీపులో భూదేవి పిల్ల అరికాళ్ళు రుద్దుతూనే ఉంది.

చంద్రపూర్‌లో పిల్లల డాక్టర్ అనంతరావు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన తండ్రి మంచిర్యాల వైపు నుంచి బొగ్గుబాయి పని కోసం వచ్చి బాబుపేట్‌లో స్థిరపడ్డ మనిషి. డాక్టర్ చదివింది మరాఠీలో అయినా, ఇంటి మాట తెలుగే. రక్తంలో గ్లూకోజ్ బాగా పడిపోయిందని వెంటనే గ్లూకోజ్ ఎక్కించాడు. గంటకు పద్మ కళ్ళు తెరిచి, "నీళ్ళు" అంది. మూడో రోజుకు లేచి కూర్చుని రొట్టె అడిగింది. అప్పుడు డాక్టర్ ఇంట్లో వాళ్ళందర్నీ పిలిచి కూర్చోబెట్టాడు.

"పిల్ల ఎన్ని నెలల దాంక మంచిగుండె?"

"ఏడు నెలల దాంక సాబ్. బుగ్గలు గిట్ల ఉండె" అని భూదేవి చేతులతో చూపించింది.

"తర్వాత ఏమేం పెట్టిన్రు?"

అడిగిందే తడవుగా భూదేవి చెప్పుకుపోయింది. తానేమీ తక్కువ చేయలేదని డాక్టరుకు తెలియాలి కదా. రెండు అంగన్‌వాడీల పిండి, దాంట్లో బెల్లం, అరటిపండు, తేనె, ఆకలి పుట్టడానికని మందుల షాపులో ఇచ్చిన తియ్యటి టానిక్, చివరికి మేడారం బంగారం. వరుస పెరుగుతున్నకొద్దీ డాక్టర్ మొహం మారుతూ వచ్చింది.

"ఇష్టంగ తింటదా?"

"యాడ తింటది సాబ్! మొకం తిప్పుతది. నేనే ముక్కు మూసి పెడ్త. నేను లేకుంటె గిన్ని రోజులు బతికేదే కాదు."

అనంతరావు కలం బల్ల మీద పెట్టాడు. టార్చి వేసి పద్మ పళ్ళు చూశాడు. నోట్లో తీపి నిలవనీయని పిల్ల, ఒక్క పన్ను మీద కూడా మచ్చ లేదు. తర్వాత నెమ్మదిగా అడిగాడు:

"మీ ఇంట్ల ఇంకెవరన్న తీపి తిననోళ్ళు ఉన్నరా?"

అందరి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ పోశం, బళ్ళో పిల్లాడిలా చెయ్యెత్తాడు. డాక్టర్ ఆయన్ని వెలుతురులోకి పిలిచి నోరు తెరవమన్నాడు. అరవై ఏళ్ళ ఆ నోట్లో ఒక్క పన్ను కూడా ఊడలేదు, పుచ్చలేదు.

"తింటె ఏమైతది?" అని అడిగాడు.

"కడుపుల తిప్పుతది, చెమటలు పడ్తయ్, కండ్లు తిరుగుతయ్. చిన్నప్పుడే బంద్ జేసిన సాబ్. గదే చెల్లెకు చెప్పిన..." అని పోశం ఆగిపోయాడు.

భూదేవి బెల్లం కొట్టిన రాయిలా కూర్చుండిపోయింది. ఆమెకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదు, కానీ అర్థం కాబోయేదేమిటో లోపల తెలిసిపోయింది.

డాక్టర్ విడమరిచి చెప్పాడు. "పండ్లల్ల, తేనెల, చక్కెరల, బెల్లంల ఫ్రక్టోజ్ అని ఒక తీపి ఉంటది. మనం తింటె మన కార్జం, అంటె లివర్, దాన్ని విరగ్గొట్టి ఒంటికి పనికొచ్చేటట్టు చేస్తది. ఈ పిల్ల కార్జంల ఆ పని చేసే రసం పుట్టుకతోనే సరిగ్గ లేదు. తీపి పోయి కార్జంలనే అడ్డం పడ్తది, కార్జం వాస్తది, నెత్తుర్ల గ్లూకోజ్ పడిపోతది. ఇగ తిన్న తిండి పెరుగుడుకు యాడ పనికొస్తది? తాతకు గూడ గదే ఉన్నట్టుంది. ఆయన తనంతట తనే మానుకుని బతికిండు. పిల్ల గూడ మానుకుందామనే చూసింది. ఆమె చేసుకున్న వాంతే ఆమెను ఇన్నొద్దులు కాపాడింది."

"మందు ఏం రాస్తరు సాబ్?" అని సారక్క అడిగింది.

"మందు లేదమ్మా. మానుడే మందు. మానితె కార్జం మల్ల మామూలైతది, పిల్ల మంచిగ పెరుగుతది. నెత్తురు ముంబైకి పంపుతున్న, రెండు నెలల్ల ఖాయంగ తెలుస్తది. గప్పటి దాంక ఆగకున్రి, ఇయ్యాల్టి నుంచే బంద్ చెయ్యిన్రి."

తల్లి వైపు నుంచి ఒక లోపం, తండ్రి వైపు నుంచి ఒక లోపం వచ్చి కలిస్తేనే ఈ జబ్బు బయటపడుతుందని, మేనరికంలో అలా కలిసే అవకాశం ఎక్కువని కూడా ఆయన చెప్పాడు. ఇది ఎవరి తప్పూ కాదని రెండుసార్లు అన్నాడు. ఆ రెండుసార్లూ భూదేవి తన చేతుల వైపు చూసుకుంది. మేనకోడలిని పట్టుబట్టి తెచ్చింది తను. అన్న మాట నవ్వి తోసేసింది తను. ముక్కు మూసింది తను. ఆస్పత్రి వరండాలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. పోశం పక్కన కూర్చుని కండువాతో ఈగలు తోలాడు.

"ఎందుకు కొట్టలేదన్నా నన్ను? గా రోజు నాలుగు తన్ని చెప్తె ఇనేదాన్ని" అంది భూదేవి.

"నువ్వు తన్నులకు గూడ ఇనవే చెల్లె. చిన్నప్పటి సంది చూస్తలేనా?" అన్నాడు పోశం. ఏడుపు మధ్యలోనే ఆమెకు నవ్వొచ్చింది.

రెండు నెలలకు ముంబై నుంచి కాగితం వచ్చింది. డాక్టర్ అనుకున్నదే నిజమైంది.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక ఏం చేయాలో తేలిగ్గానే అర్థమైంది. బెల్లం, చక్కెర, తేనె, పండ్లు, చిలగడదుంప, క్యారెట్, తీపి సిరప్ మందులు బంద్. అన్నం, జొన్నరొట్టె, గుడ్డు, మాంసం, పాలు, పెరుగు, పాలకూర పప్పు ఎంతైనా పెట్టొచ్చు. పండ్లు లేవు కనుక సి విటమిన్ మాత్ర, అది కూడా తీపి లేనిది. ఇంట్లో తీపి డబ్బాలన్నీ ఖాళీ అయ్యాయి. భూదేవికి చక్కెర లేని చాయ్ గొంతు దిగేది కాదు. అయినా పిల్ల ముందు తాగడం ఎందుకని తనూ మానేసింది. ఆ మానడంలో కొంత తనను తాను శిక్షించుకోవడం కూడా ఉంది.

కష్టమైంది ఊరికి చెప్పడం. చెప్పాలంటే, బెల్లమే పిల్లను తినేసిందని చెప్పాలి. బెల్లం పెట్టిన చెయ్యి ఎవరిదో చెప్పాలి. ఊళ్ళో ప్రతి తల్లీ పిల్లను తెచ్చి ఒళ్ళో పెట్టే మనిషికి ఆ మాట నోట ఎలా వస్తుంది? అందుకని భూదేవి సగమే చెప్పింది. "కార్జం వాచింది, డాక్టర్ పథ్యం పెట్టిండు" అంది. పథ్యమంటే పది రోజులదని ఊరి లెక్క. పది రోజులయ్యాక ఎదురైన వాళ్ళంతా పద్మ చేతిలో ఏదో ఒకటి పెట్టబోయేవాళ్ళు. పొయ్యి దగ్గర ఉండాల్సిన భూదేవి గద్దను చూసిన తల్లికోడిలా మనవరాలి వెనక తిరిగేది.

జూన్ రెండున తెలంగాణ వచ్చింది. బొర్రగూడ ఏ రాష్ట్రంలో ఉందో బొర్రగూడకే తెలియకపోయినా, పండగ మాత్రం ఘనంగా జరిగింది. జయ తన అంగన్‌వాడీ గోడ మీద ఆంధ్రప్రదేశ్ అన్న చోట సున్నం కొట్టించి తెలంగాణ అని రాయించింది. ఊరంతటికీ లడ్డూలు పంచింది. సందట్లో జయే ఒక ముక్క తుంచి పద్మ నోట్లో పెట్టింది. పద్మ దాన్ని అక్కడే తుపుక్కున ఉమ్మేసింది, అది పోయి కొత్త అక్షరాల కింద పడింది.

"అయ్యో, కొత్త రాష్ట్రం మీదనే ఉమ్మెనా పిల్ల! జర నోరు తీపి జేసుకోవద్దా?" అని ఎవరో గొణిగారు.

"చిన్న పిల్ల, దానికేం తెల్సు" అని భూదేవి సర్ది చెప్పింది. లోపల మాత్రం, దానికే తెలుసు, మనకే తెలియదు అనుకుని పొంగిపోయింది. అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

ఇక పద్మ ఎదుగుదల చూడాలి! దసరాకు పదకొండు కిలోలు దాటింది. కళ్ళ పసుపు ఎప్పుడో పోయింది, పొట్ట లోపలికి పోయింది, పుల్లల్లాంటి కాళ్ళకు కండ వచ్చింది. ఉప్పూ కారం అంటే ప్రాణం. జొన్నరొట్టె మీద వెల్లుల్లి కారం పూసుకుని, ఉడికిన గుడ్డు నంజుకుని, తన చేత్తో తానే తినేది. ఎవరైనా ముద్ద కలిపి పెట్టబోతే చెయ్యి తోసేసేది. పిల్ల తనంతట తాను తింటుంటే ఊరికే చూస్తూ కూర్చోవడం భూదేవికి ఉపవాసం కన్నా కష్టమైంది. చేతులు దురద పెట్టేవి. చివరికి వత్తులు చేసుకుంటూ కూర్చునేది, చేతులకు పని ఉండాలని. రోజూ పొద్దున లేచి మనవరాలి కాళ్ళు కొలిచినట్టు చూసుకునేది. గౌన్లు పొట్టివవుతున్న కొద్దీ ఆమె మొహం విచ్చుకునేది. ఊరి పిల్లలకు తినిపించేటప్పుడు కూడా ఆమెకు తెలియకుండానే ఒక మార్పు వచ్చింది. కథలు చెప్పేది గానీ, ముక్కు జోలికి పోయేది కాదు.

మరి రెండు అంగన్‌వాడీల పొట్లాలు? అవి వస్తూనే ఉన్నాయి. వద్దంటే ఎందుకని అడుగుతారు, చెప్పాల్సి వస్తుంది. అందుకని ఎల్లన్న వాటిని బర్రె కుడితిలో కలిపేవాడు. బర్రె నిగనిగలాడింది, పాలు పెంచింది. ఆ పాలు పద్మ తాగింది. అలా చూస్తే రెండు ప్రభుత్వాల పిండీ పిల్లకు పనికొచ్చిందనే చెప్పాలి, కాకపోతే బర్రె మీదుగా వచ్చింది.

పద్మకు ఐదు నిండి ఆరో ఏడు నడిచేనాటికి, ఎర్ర గీత కింద నుంచి పసుపు దాటి పచ్చ పట్టీలోకి వచ్చిన పిల్లగా రెండు రిజిస్టర్లలోనూ పేరు మోసింది. మా పిండి వల్లే అంది జయ. మా పిండి వల్లే అంది లక్ష్మీబాయి. నలుగురిలో ఉన్నప్పుడు ఇద్దరూ నవ్వుతూనే అనేవాళ్ళు, కానీ ఇద్దరికీ పట్టుదల ఉంది. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపమన్నట్టు, భూదేవి ఇద్దరికీ తలూపేది.

ఆ ఏడు దసరాకు అక్కడ జిల్లాలు కూడా మారాయి. ఆదిలాబాద్‌ను విడగొట్టి ఆసిఫాబాద్ జిల్లా చేశారు. జయ గోడకు మళ్ళీ సున్నం పడింది. డిసెంబర్‌లో కొత్త జిల్లా నుంచి సూపర్‌వైజర్ మేడం వచ్చింది. పట్టుచీరలో, మంచి ఉత్సాహంతో ఉన్న మనిషి. రిజిస్టర్ తిరగేసి, పద్మ గీత చూసి, "ఈ పాప ఎక్కడ? ఫొటో తీసి పైకి పంపుదాం" అంది. కబురు అందగానే లక్ష్మీబాయి ఊరుకుంటుందా? తన రిజిస్టర్ చంకన పెట్టుకుని, భూదేవినీ పద్మనూ వెంటేసుకుని గల్లీ దాటింది. తల్లులంతా చుట్టూ మూగారు. అందరి ముందు పద్మను తూచారు. పదిహేడు కిలోలు. అంతా చప్పట్లు కొట్టారు.

జయ పొట్లం పిండితో అప్పటికే లడ్డూలు చేయించి ఉంచింది. మేడం ఒక లడ్డూ చేతిలోకి తీసుకుంది.

"రా బంగారం, ఇది తినే కదా ఇంత పెరిగావు! నోరు తెరువు, ఫొటో తీసుకుందాం."

పద్మ పెదాలు బిగించింది. మేడం నవ్వి, ఎడమచేత్తో పిల్ల గడ్డం పట్టుకుంది. చుట్టూ తల్లులు, "తిను బిడ్డా, తిను" అన్నారు. పద్మ మొహం తిప్పింది, గడ్డం వదలలేదు ఆ చేయి. పిల్ల కళ్ళు భూదేవి వైపు తిరిగాయి.

ఇరవై ఏళ్ళలో ఏ అధికారి ముందూ తలెత్తని భూదేవి, రెండు అంగల్లో వెళ్ళి మేడం మణికట్టు పట్టుకుంది.

"పెట్టకున్రి మేడం!"

లక్ష్మీబాయి, "భూదేవీ!" అని గదిమింది. భూదేవి చెయ్యి వదలలేదు.

"గీ పిండి ఈ పిల్ల మూడేండ్ల సంది ముట్టలేదు. మా బర్రె తిన్నది. పిల్లకు తీపి పడదు, పుట్టుకతోనే పడదు. తింటె పాణం మీదికొస్తది. తెల్వక నేనే పెట్టిన. మొకం తిప్పితె ముక్కు మూసి పెట్టిన. మా అన్న వద్దన్నడు, ఇనలే. పిల్ల వద్దన్నది, ఇనలే. ఊరంతటికి పథ్యం అని అబద్ధమాడిన. ఈమె గన్ని దినాలు ఎదగకపోయింది నా చేతి నుంచే."

చెప్పేసి చెయ్యి వదిలేసింది. ఇక ఏమైనా కానీ అన్నట్టు నిలబడింది. ఉద్యోగం పోతుందేమో, పిల్లల్ని ఇక ఎవరూ తన ఒళ్ళో పెట్టరేమో. తల్లులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. జయ చేతిలోని లడ్డూల పళ్ళెం కింద పెట్టేసింది. రెండేళ్ళ కింద తను పెట్టిన లడ్డూను పిల్ల ఉమ్మేసిన సంగతి ఆమెకు గుర్తొచ్చినట్టుంది.

మేడం మొహంలో కోపం లేదు, కొంచెం సిగ్గుపడ్డట్టుంది. "మరి ఎట్లా పెరిగిందమ్మా?" అని మెల్లగా అడిగింది.

"గది అడిగింది పెట్టినం మేడం. వద్దన్నది పెట్టలే. గంతే."

మేడం పిల్ల గడ్డం వదిలేసింది. చేతిలోని లడ్డూ ఏం చేయాలో తెలియక పట్టుకుని నిలబడింది. పద్మ ఆమె చేతిలోంచి లడ్డూను తీసుకుంది. వాసన కూడా చూడకుండా, చెయ్యి దూరంగా చాపి పట్టుకుని, భూదేవి దగ్గరికి నడిచింది. మునివేళ్ళ మీద లేచి ఆమె నోటి దాకా చెయ్యి ఎత్తింది. నిరుటి దాకా ఆ చెయ్యి ఆమె భుజం దాకా కూడా అందేది కాదు.

"నీకు పడ్తది గద బాపమ్మా. తిను."

భూదేవి నోరు తెరవలేకపోయింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, పెదాలు బిగుసుకుపోయాయి. పద్మ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, చెయ్యి కిందికి దించేసింది.

"వద్దంటె ఇడిసిపెట్టు బాపమ్మా. నేను బలిమికి పెట్ట."

భూదేవి నేల మీద కూలబడి, మనవరాలి ముందు నోరు తెరిచింది.